ఈఈజీతో రక్తప్రసరణ తెలుస్తుందా?

ప్రశ్న: డాక్టర్‌గారూ, మెదడు పొర కింద రక్తస్రావమై మా నాన్నగారు ఐసీయూలో ఉన్నారు. ఫిట్స్ లేకపోయినా రోజంతా ఈఈజీ వైర్లు ఉంచుతున్నారు. అడిగితే "రక్తం అందుతోందో లేదో చూస్తున్నాం" అన్నారు. ఆ గీతల్లో రక్తం సంగతి ఎలా తెలుస్తుంది?

జవాబు: ఈఈజీ అంటే మెదడు కణాల విద్యుత్ సంకేతాలను తలమీది వైర్లతో గీతలుగా చూపే పరీక్ష. అది రక్తాన్ని కొలవదండీ. రక్తం చాలకపోతే మెదడు కణాలు ఎలా డీలాపడతాయో చూపిస్తుంది. 100 గ్రాముల మెదడుకు నిమిషానికి సుమారు 50 మి.లీ. రక్తం అందుతుంది. అది 25-30కి పడితే ముందు వేగంగా ఉండే చిన్న అలలు మాయమవుతాయి. ఇంకా తగ్గితే ఆల్ఫా అనే మధ్యస్థ వేగపు అలలు పలచబడి, నెమ్మదైన, వెడల్పాటి డెల్టా అలలు పైకొస్తాయి. 15 దగ్గర గీత దాదాపు చదునైపోతుంది. 10 కంటే దిగి కాసేపు అలాగే ఉంటే కణాలు చనిపోతాయి. ఆలోపే మేం పరిగెత్తాలి.

రక్తస్రావమైన కొన్నాళ్లకు రక్తనాళాలు బిగుసుకుపోయే ప్రమాదం ఉంది. అందుకే కంప్యూటర్ ఆల్ఫా, డెల్టాల నిష్పత్తిని అదేపనిగా గీస్తూ ఉంటుంది. నేనైతే ఆ అంకె కంటే ముందు కుడిఎడమల తేడా చూస్తాను. ఒక్క పక్కే ఆల్ఫా జారుతోందంటే రక్తనాళాలను చూసే డాప్లర్, సీటీ యాంజియో స్కాన్లు చేయిస్తాను. రెండు పక్కలా ఒకేసారి మందగిస్తే మాత్రం మొదటి అనుమానం మత్తుమందు మీదే! నిద్ర, షుగర్ పడిపోవడం కూడా అలాగే మోసం చేస్తాయి. మందు డోసు మార్చిన టైము నర్సు చార్టులో రాసేది అందుకే.

ఈఈజీ నుంచి నేరుగా మిల్లీలీటర్ల లెక్క తీయొచ్చా అంటే, మంచం పక్కన నేను దాన్ని నమ్ముకోను. వైర్లు లోపలికి కరెంటు పంపవు, భయపడకండి.