సదరం మళ్లీ చూస్తామని నోటీసు వస్తే

ప్రశ్న: మా అన్నయ్యకు చిన్నప్పుడే పోలియో వచ్చి కుడికాలు సన్నబడింది. 2010లో ఇచ్చిన, వైకల్యం ఎంతుందో చూపే సదరం సర్టిఫికెట్‌లో 55 శాతం ఉంది. నెలకు 6,000 పెన్షన్ వస్తోంది. ఇప్పుడు ఏరియా ఆసుపత్రిలో మళ్లీ పరీక్ష చేయించుకోమని గ్రామ సచివాలయం నుంచి నోటీసు ఇచ్చారు. పెన్షన్ తీసేయడానికే పిలుస్తున్నారని ఊళ్లో అంటున్నారు. అన్నయ్య టెన్షన్‌తో అన్నం కూడా సరిగా తినడం లేదు. అక్కడ ఏం చూస్తారు, ఏం అడుగుతారు?
– ఒక చెల్లెలు, పల్నాడు జిల్లా

జవాబు: ఆ నోటీసు ఆయన ఒక్కడికే రాలేదని ముందు మీ అన్నయ్యకు చెప్పండమ్మా. 2024లో దివ్యాంగుల పెన్షన్ 3,000 నుంచి 6,000 అయింది. మంచానికే పరిమితమైనవారికి 15,000 చేశారు. 2025 జనవరి నుంచి ఆ పెన్షన్లన్నీ మళ్లీ చూడటం మొదలుపెట్టారు. ముందు 15,000 తీసుకునేవారి ఇళ్లకే డాక్టర్లు వెళ్లారు, ఆ తర్వాత 6,000 వాళ్లను ఆసుపత్రులకు పిలిచారు. పిలుపు వచ్చిందంటే ఎవరో ఫిర్యాదు చేశారని కాదు.

ఎముకల డాక్టరు చూస్తారు. పడుకోబెట్టి రెండు కాళ్ల పొడవూ టేపుతో కొలుస్తారు. తుంటి, మోకాలు, చీలమండ ఎంతవరకు కదులుతున్నాయో, కండరంలో పట్టు ఎంత ఉందో చూస్తారు. నడవమంటారు, ఒంటికాలి మీద నిలబడమంటారు, గొంతుకూర్చోమంటారు. కాలిపర్ (కాలికి ఆసరాగా కట్టుకునే పరికరం) వాడుతుంటే తప్పకుండా తీసుకెళ్లండి. డాక్టరు ముందు నిలబడే సమయం కొద్దిసేపే, వెయిటింగే ఎక్కువ. అన్నం, నీళ్లు, మాత్రలు సర్దుకుని మీరూ తోడు వెళ్లండి.

మండల పరిషత్ ఆఫీసులో పెన్షన్ల సీటు చూసి రిటైరైన మనిషిని. ఎందరో పెన్షన్‌దారులతో మాట్లాడాను కాబట్టి ఇది గట్టిగా చెబుతున్నా. మనవాళ్లకు పెద్దవాళ్ల ముందు కష్టం చెప్పుకోవడం నామోషీ. డాక్టరు "ఎలా ఉన్నావయ్యా?" అంటే "పర్వాలేదు సార్, బాగానే ఉన్నా" అనేస్తారు. మర్యాద కోసం అన్న ఆ మాట కాగితం మీదకు ఎక్కుతుంది. మెట్లు ఎక్కలేకపోతే ఎక్కలేనని, చెరువుగట్టు దిగుతూ పడిపోతే పడిపోయానని, రాత్రిళ్లు నడుం పీకితే పీకుతోందని ఉన్నదున్నట్టు చెప్పమనండి. లేని కుంటుడు మాత్రం నటించవద్దు. చాలామందిని చూసిన డాక్టరుకు అది ఇట్టే తెలిసిపోతుంది, తెలిసిన తర్వాత నిజమైన బాధనూ నమ్మరు.

ఆధార్, పాత సదరం ఒరిజినల్, నోటీసు, పాత ఆసుపత్రి చీటీలు, అన్నిటికీ జిరాక్సులు తీసుకెళ్లండి. ఒరిజినల్ ఎవరైనా ఉంచుకుంటామంటే రసీదు లేకుండా ఇవ్వకండి. శాతం అక్కడే చెప్పకపోవచ్చు, కంప్యూటర్‌లో ఎక్కించాక సర్టిఫికెట్ వస్తుంది. 40 శాతం, ఆపైన ఉంటే పెన్షన్ కొనసాగుతుంది. 55 కాస్త 48 అయిందని కంగారు పడనక్కర్లేదు, డబ్బు తగ్గదు.

ఒకటి మాత్రం చేయొద్దు. భయపడి వెళ్లకుండా ఉండిపోవద్దు. రానివారి పెన్షన్ హోల్డ్‌లో పడుతుంది. జ్వరమో, ఇంట్లో చావో వచ్చి ఆ రోజు కుదరకపోతే వెల్ఫేర్ అసిస్టెంట్‌కు కాగితం మీద రాసిచ్చి, మరో కాపీ మీద తేదీతో సంతకం తీసుకోండి.

ప్రశ్న: మా ఆయన తాపీమేస్త్రీ. రాయి తగిలి ఒక కన్ను పూర్తిగా పోయింది. వయసు 52. పాత సర్టిఫికెట్‌లో 40 ఉంటే ఇప్పుడు 30 వేశారు. పెన్షన్ ఆపుతామని నోటీసు ఇచ్చారు. అప్పీలు చేస్తే లాభం ఉంటుందా?
– ఒక గృహిణి, ప్రకాశం జిల్లా

జవాబు: మీకు ఉత్తుత్తి ఆశ పెట్టలేనమ్మా. కేంద్రం ఇచ్చిన కొలతల ప్రకారం ఒక కన్ను పూర్తిగా పోయి రెండోది బాగుంటే 30 శాతమే. గోడకు తూకం చూసి ఇటుక పేర్చే మనిషికి కన్ను పోవడమంటే సగం పని పోవడమే. ఈ లెక్కలో మనిషి చేసే పనికి చోటు లేదు, నాకిది అన్యాయంగానే అనిపిస్తుంది. అయినా డాక్టరు ఆ కొలత దాటి వేయలేరు.

మీరు చూడాల్సింది రెండో కన్ను. అద్దాలు పెట్టుకున్నా ఆ కంటికి చూపు తక్కువగా ఉందా? షుగర్ దెబ్బ ఉందా? ఉంటే శాతం పెరగవచ్చు. ప్రభుత్వాసుపత్రి కంటి డాక్టరుకు చూపించి రాయించుకోండి. ఆ చీటీ, నోటీసు, పాత సర్టిఫికెట్, కొత్త సర్టిఫికెట్, ఆధార్ జత చేసి ఎంపీడీవోకు అప్పీలు ఇవ్వండి. పట్టణమైతే మున్సిపల్ కమిషనర్‌కు. గడువు నోటీసులోనే రాసి ఉంటుంది, దాటనివ్వకండి. మళ్లీ పరీక్షకు పిలుస్తారు. అక్కడా జరగకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వొచ్చు.

60 దాటినవారికైతే శాతం తగ్గినా 4,000 వృద్ధాప్య పెన్షన్‌కు మార్చే దారి ఉంది. మీ ఆయనకు ఇంకా ఆ వయసు రాలేదు.

ప్రశ్న: 20,000 ఇస్తే శాతం పెంచి రాయిస్తానని ఒకాయన అంటున్నాడు. ఇవ్వొచ్చా?
– పేరు రాయలేదు

జవాబు: వద్దు నాయనా. ఎవరో డబ్బిచ్చి తెచ్చుకున్న దొంగ సర్టిఫికెట్ల వల్లే ఇవాళ నిజంగా కాలు లేనివాళ్లు కూడా ఆసుపత్రి వరండాల్లో లైన్లో నిలబడాల్సి వస్తోంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం మోసంతో ఈ లబ్ధి పొందితే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, రెండూ కూడా పడవచ్చు. కేసు పడితే కాగితం మీద ఉండేది మీ పేరు, ఆ మధ్యవర్తి పేరు కాదు. ఆఫీసు సిబ్బందిలో ఎవరైనా ఈ డబ్బు అడుగుతుంటే ఏసీబీ నంబర్ 1064కు ఫోన్ చేయండి.