చిగురించిన ఆశల మీద నీళ్లు చల్లితే తప్పేంటి?

సందేహం: మాస్టారూ నమస్తే. నేను మా మండలం నుంచి ఒక పేపర్‌కి వార్తలు పంపుతుంటాను. ఈమధ్య దాళ్వా (రెండో పంట) వరికి కాలువ నీళ్లు మధ్యలో ఆపేసిన సంగతి మీద ఒక ఐటమ్ రాశాను, అందులో మొదటి వాక్యం ఇది: "శివారు రైతుల్లో చిగురించిన ఆశలపై అధికారులు నీళ్లు చల్లారు." డెస్క్‌లో ఒక సీనియర్ గారు "రూపకం కుదర్లేదమ్మా" అని కొట్టేశారు, ఎందుకో చెప్పలేదు. రోజూ అన్ని పేపర్లలో కనపడే మాటలే కదా, వ్యాకరణం కూడా తప్పు లేదు. అసలు మంచి రూపకం అని దేన్నంటారు? ఉపమలోంచి "లా" తీసేస్తే రూపకం అయిపోతుందని స్కూల్లో చెప్పారు, అంతేనా? "రైతుల ఆశాజ్యోతి చిగురించింది" అని రాయొచ్చా అన్నది కూడా చెప్పండి.

సమాధానం: అమ్మా, మీ వాక్యంలో వ్యాకరణ దోషం ఏమీ లేదు, అది ముందే చెప్పేస్తున్నా. కానీ మీ సీనియర్ గారు కొట్టేయడం కూడా సబబే. ఆయన చెప్పకుండా వదిలేసిన కారణం చెప్తా.

"ఆశలు చిగురించాయి" అన్నప్పుడు ఆశ మొక్క. "ఆశల మీద నీళ్లు చల్లారు" అన్నప్పుడు ఆశ నిప్పు, అప్పుడే రాజుకుంటున్న నిప్పు మీద నీళ్లు పడితే చప్పున ఆరిపోతుంది, అదీ ఆ మాటలో ఉన్న బొమ్మ. విడివిడిగా రెండూ మంచి మాటలే, రెండూ జనం నోట్లో నలిగి నిలబడ్డవే. మీరు ఆ రెంటినీ ఒకే వాక్యంలో పెట్టేసరికి ఏమైందంటే చిగురు మీద నీళ్లు పడ్డాయి, చిగురు మీద నీళ్లు పడితే ఎండిపోదు కదా, ఇంకా పచ్చగా లేస్తుంది. అంటే మీ వాక్యాన్ని కళ్లకి కట్టించుకుని చదివేవాళ్లకి అధికారులు రైతులకి మేలు చేసినట్టు కనపడుతుంది. పైగా అసలు వార్త ఏంటి, నీళ్లు ఇవ్వలేదని. నీళ్ల కోసం అల్లాడుతున్న రైతు గురించి రాస్తూ "నీళ్లు చల్లారు" అని ఫిర్యాదు చేస్తే ఆ మాట అక్కడ ఎదురు తిరుగుతుంది. మీకు చెడ్డ ఉద్దేశం లేదని తెలుసు, ఆ చేలో నిలబడి ఈ వార్త చదివే మనిషికి ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి చాలు.

ఇక "రోజూ అందరూ వాడేవే కదా" అన్నారు, అది నిజమే, చిక్కంతా అక్కడే ఉంది. భాషలో చాలా రూపకాలు నిద్రపోతూ ఉంటాయి. గడియారం ముల్లు అంటాం, ఎవరికీ ముళ్లకంప గుర్తు రాదు. కుర్చీ కాళ్లు అంటాం, నడిచే కాళ్లు గుర్తు రావు. వాటితో ఇబ్బంది లేదు, అవి ఇప్పుడు మామూలు మాటలే. పూర్తిగా కొత్త రూపకంతో కూడా ఇబ్బంది తక్కువే, రాసేవాళ్లు ఎలాగూ జాగ్రత్తగా చూసుకుంటారు. మధ్యలో ఉన్నవే ప్రమాదం, సగం నిద్రలో ఉన్నవి: ఆశలు చిగురించడం, నీళ్లు చల్లడం, గండి కొట్టడం, పాగా వేయడం, చక్రం తిప్పడం, ధరలకి రెక్కలు రావడం. ఒక్కోటి విడిగా వస్తే చదువరి పట్టించుకోడు, పక్కపక్కన పెడితే మాత్రం ఒకదాన్నొకటి లేపేస్తాయి. "ఖజానాకి గండి" బావుంటుంది, ఎందుకంటే ఆదాయం ఎక్కడెక్కడి నుంచో పారి వచ్చి ఒకచోట నిలవ ఉండేదే, చెరువు కట్టకి గండి పడితే నీళ్లు ఎలా పోతాయో డబ్బూ అలాగే పోతుంది. అదే "పదో తరగతి ఫలితాలకి గండి" అని రాస్తే అక్కడ పారేది ఏముంది, నిలవ ఉండేది ఏముంది? ఏమీ లేదు, ఊరికే గట్టిగా వినపడుతుందని వేసిన మాట అది.

ఇప్పుడు మీ "లా" సంగతి. స్కూల్లో చెప్పింది అబద్ధం కాదు, కానీ అది గుర్తుపట్టడానికి పనికొచ్చేదే గానీ రాయడానికి అంతగా పనికిరాదు. ఉపమలో నాలుగు అంగాలని చదువుకుని ఉంటారు, ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం. "అతను పులిలా దూకాడు" అంటే దూకడం వరకే పోలిక, అక్కడితో గీత గీసేశారు. "అతను పులి" అంటే ఆ గీత చెరిపేసి, ఏ విషయంలో పులో చదువరినే చూసుకోమన్నారు. అందుకే రూపకానికి చుట్టూ ఉన్న మాటల సాయం ఎక్కువ కావాలి. "ఇంట్లో పులి, వీధిలో పిల్లి" అనే మన సామెత చూడండి, ఒక్క "లా" కూడా లేదు, ఇల్లు, వీధి అని రెండు చోట్లు చెప్పేసరికి ఆ మనిషి మొత్తం అర్థమైపోయాడు.

నా లెక్కలో రూపకం బాగోగులు తేలేది క్రియ దగ్గర. నామవాచకాలు ఎన్ని జత కలిపినా అది సగం పనే. దీని మీద మన ఆలంకారికులు, అంటే అలంకారశాస్త్రం రాసిన పాతవాళ్లు, చాలా సూక్ష్మంగా ఆలోచించారు. "ముఖచంద్రుడు" అనే సమాసం ఉందనుకోండి, చంద్రుడి లాంటి ముఖమా, ముఖమనే చంద్రుడా, అంటే ఇది ఉపమా, రూపకమా? సమాసం ఒక్కదాన్నే చూసి తేల్చలేం. తల్లి బిడ్డ ముఖచంద్రుణ్ణి ముద్దాడింది అంటే ముద్దు ముఖానికే కుదురుతుంది కాబట్టి ఉపమ వైపు మొగ్గుతుంది. అదే ముఖచంద్రుడు ఆ ఇంటి చీకట్లన్నీ పోగొట్టాడు అంటే ఆ పని చంద్రుడిది కాబట్టి రూపకం. ఎవరు పని చేస్తున్నారు అన్నదే తీర్పు. రాసేవాళ్లకి ఇంతకంటే పనికొచ్చే పరీక్ష నాకు ఇంకోటి కనపడలేదు: రూపకం రాశాక దాని క్రియ ఎవరికి అతుకుతోందో చూసుకోవడం.

పోతన గారి పద్యం ఒకటి అందరికీ నోటికి వచ్చేదే, భాగవతం సప్తమ స్కంధంలో ప్రహ్లాదుడు గురువుతో చెప్పేది, "మందార మకరంద మాధుర్యమున దేలు మధుపంబు బోవునే మదనములకు" అని మొదలవుతుంది. మందార పూల తేనెలో తేలే తుమ్మెద ఉమ్మెత్తపూల దగ్గరికి పోతుందా అని. తర్వాత మందాకిని అలల మీద ఊగే రాయంచ, మామిడి చిగుళ్లు తిని సొక్కే కోయిల, నిండు వెన్నెల్లో చకోరం. ఇక్కడి దాకా ప్రతి పాదంలో ఒక ప్రాణి, అది మైమరిచిపోయే తావు ఒకటి. అప్పుడు ఎత్తుగీతిలో, అంటే సీసపద్యం చివర వచ్చే చిన్న పద్యంలో, "అంబుజోదర దివ్య పాదారవింద చింతనామృత పాన విశేష మత్త చిత్తము" అంటాడు. పాదారవిందం అనే మాట మన సాహిత్యంలో లెక్కలేనన్నిసార్లు వస్తుంది, ఎక్కువచోట్ల "పాదారవిందాలకు నమస్కరించి" అని వస్తుంది, అక్కడ నమస్కారం పాదాలకే, అరవిందానికి చేసే పనేమీ లేదు. పోతన దగ్గర మాత్రం అరవిందానికి పని ఉంది. పద్మం ఉంది కాబట్టి తాగడానికి అమృతం ఉంది, తాగారు కాబట్టి మత్తు వచ్చింది, మత్తెక్కిన చిత్తం మొదటి పాదంలో తేనెలో తేలిన తుమ్మెదే అని మనకి ఎవరూ చెప్పక్కర్లేకుండా తెలిసిపోయింది. పాతబడిన రూపకాన్నే తీసుకుని దానికి పని ఇచ్చాడు ఆయన, అంతే. కాబట్టి పాతవి వాడొద్దని నేనెప్పుడూ చెప్పను. కొత్తదైతే చాలనుకోవడం కూడా సరి కాదు, "ఆమె నవ్వు వైఫై సిగ్నల్" అని రాస్తున్నారు కుర్రాళ్లు, ఆ సిగ్నల్ ఏం చేస్తుందో రాసేవాళ్లకే తెలీదు. అదే కుర్రాళ్లు మాట్లాడేటప్పుడు "నాకు ఛార్జింగ్ అయిపోయింది, పడుకుంటా" అంటారు, అది నిజంగా మంచి రూపకం, ఒళ్లు ఫోన్ అని ఎక్కడా అనలేదు, క్రియ ఒక్కటే మొత్తం చెప్పేసింది.

మీరు రాసింది వరి గురించి కాబట్టి ఇంకో సంగతి చెప్పాలి, ఇది నాకు చాలా ఇష్టమైన విషయం. వరి ఎదిగే దశలకి రైతులు వాడే మాటలు ఎప్పుడన్నా వరసగా పెట్టి చూశారా? చిరుపొట్ట, పొట్ట, ఈనిక, పాలు పోసుకోవడం. వెన్ను (కంకి) ఇంకా ఆకు తొడుగు లోపలే ఉండి కాండం ఉబ్బితే "వరి పొట్ట మీదుంది" అంటారు, వెన్ను బయటికొస్తే "ఈనింది" అంటారు, గింజలో తెల్లటి రసం చేరితే "పాలు పోసుకుంటోంది" అంటారు. కడుపు, కాన్పు, పాలు, మూడూ ఒక్క వరసలో ఉన్నాయి, ఎక్కడా తెగలేదు. దీన్నే అలంకారశాస్త్రంలో సాంగరూపకం అంటారు, అంటే ఒక వస్తువుని ఇంకో వస్తువుగా చెప్పడం మొదలుపెట్టాక దాని అంగాలన్నీ కూడా అలాగే నడవడం. శాస్త్రం చదవని వాళ్లు, రోజూ చేలో వంగి పనిచేసేవాళ్లు కట్టిన రూపకం ఇది, అందులో ఒక్క మాట కూడా అలంకారం కోసం పెట్టింది కాదు, పైరు ఏ దశలో ఉందో పక్కవాడికి చెప్పడానికి పెట్టింది. పొట్ట దశలో తడి అందకపోతే తాలు (లోపల బియ్యం లేని) గింజలు ఎక్కువవుతాయని ఆ ఊళ్లో ప్రతి ఒక్కరికీ తెలుసు.

ఇప్పుడు మీ మొదటి వాక్యాన్ని ఇలా రాసి చూడండి: "వరి పొట్ట మీద ఉండగా కాలువ కట్టేశారు." ఇందులో ఆశలు లేవు, చిగుళ్లు లేవు, చల్లడం లేదు. ఎంత అన్యాయం జరిగిందో మాత్రం పూర్తిగా ఉంది, ఎందుకంటే పొట్ట మీదున్న దానికి తిండి ఆపేయడం ఎంత క్రూరమో చెప్పక్కర్లేదు. నాకైతే ఈ ఆరు మాటల వాక్యం హెడ్డింగ్‌కి కూడా సరిపోతుందనిపిస్తోంది. శివారు ఆయకట్టు, వంతులు, ఎన్ని ఎకరాలు, ఎన్ని రోజుల నుంచి నీళ్లు లేవు అన్నవి రెండో వాక్యం నుంచి పెట్టుకోవచ్చు.

ఒక అభ్యంతరం మీకు రావచ్చు. ఇలాంటప్పుడు రైతులు "ఒక్క తడి అందితే గట్టెక్కేస్తాం" అంటూ ఉంటారు, గట్టెక్కడం అంటే నీళ్లలోంచి బయటపడటం కదా, నీళ్లు అడుగుతూ ఆ మాట అనడం కూడా నా లెక్క ప్రకారం తప్పే కావాలి కదా అని. దీనికి పాత సంస్కృత ఆలంకారికుడు దండి ఎప్పుడో సమాధానం చెప్పాడు. ఉపమకి వచ్చే దోషాలని కొందరు జాబితాలు కట్టారు, వామనుడనే ఇంకో ఆలంకారికుడైతే ఆరు చెప్పాడు, హీనత్వం, అధికత్వం, లింగభేదం, వచనభేదం, అసాదృశ్యం, అసంభవం అని. దండి కావ్యాదర్శంలో, లింగం వచనం తేడా ఉన్నా, పోలిక తక్కువైనా ఎక్కువైనా, వివేకం ఉన్నవాళ్ల మనసు కలవరపడనంత వరకు అది ఉపమని చెడగొట్టదు అంటాడు, "యత్రోద్వేగో న ధీమతామ్" అని. గట్టెక్కడం పూర్తిగా నిద్రపోయిన మాట, పైగా రైతు నోట్లోంచి వచ్చింది, అది ఎవరి మనసునీ గుచ్చదు. అలా ఎవరన్నా అంటే మార్చకుండా ఉన్నదున్నట్టు వేయండి. మీ వాక్యం మీ సీనియర్ గారికి గుచ్చుకుంది, ఆయన దాన్ని పేరు పెట్టి చెప్పలేకపోయి ఉండొచ్చు, కానీ ఆ గుచ్చుకోవడమే దండి చెప్పిన పరీక్ష. వామనుడి జాబితాలోంచి ఒక్క అధికత్వం, అంటే పోలిక అసలు సంగతి కంటే మరీ పెద్దదవడం, మాత్రం వార్తలు రాసేవాళ్లు గోడ మీద రాసి పెట్టుకోవాలి, మ్యాచ్ ఓడిపోతే "శోకసంద్రంలో మునిగిన అభిమానులు" అని వేసి, మర్నాడు పడవ బోల్తా పడి జనం పోయిన ఊరికి కూడా అదే మాట వేస్తే ఆ ఊరివాళ్లకి ఏం మిగిల్చినట్టు?

చివరిది "ఆశాజ్యోతి". ఆశ అనెడు జ్యోతి, రూపక సమాసం, అవధారణా పూర్వపద కర్మధారయం అని కూడా అంటారు. ఇందులో జ్యోతి అని మీరే నోరు తెరిచి అన్నారు కాబట్టి తర్వాత వచ్చే క్రియ జ్యోతిదే కావాలి, వెలిగింది, కొడిగట్టింది, ఆరిపోయింది. చిగురించింది అని రాయకూడదు. ఒక నాయకుడికి బిరుదులా "రైతుల ఆశాజ్యోతి ఫలానా ఆయన వచ్చారు" అని వేసినప్పుడు క్రియ మనిషిదే, జ్యోతి అక్కడ పేరుకే ఉంటుంది, అందుకని తప్పు అనిపించదు గానీ ఆ మాట తీసేసినా వార్తలో ఏ లోటూ రాదు, నేనైతే తీసేస్తా. "కొడిగట్టింది" మాత్రం వీలైన చోట వాడండి, ఆరిపోలేదు గానీ ఆరిపోయేలా ఉంది అన్న స్థితికి ఒక్క క్రియలో అంత కచ్చితమైన మాట దొరకడం కష్టం, ఈమధ్య పేపర్లలో అది కనపడటం బాగా తగ్గిపోయింది.