మెడికల్ కాలేజీ ఎంచుకునే ముందు వార్డులోకి వెళ్లి చూడండి

పేరున్న కాలేజీలో చేరాలా, అంత పేరు లేకపోయినా రోగులు బాగా వచ్చే ఆస్పత్రి ఉన్న కాలేజీలో చేరాలా అని అడిగారు. నేను ఫైనల్ ఇయర్‌లో ఉన్నాను, నన్నడిగితే రెండోదే.

నేను చేరేటప్పుడు ర్యాంకింగ్, బిల్డింగులు, లైబ్రరీ చూశాను, అంతే. మొదట్లో ఏ లోటూ తెలియలేదు, ఎందుకంటే ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ లాంటివి మంచి పుస్తకం, ఓపిక ఉంటే చాలావరకు సొంతంగా చదువుకోవచ్చు (డిసెక్షన్, అంటే శవాన్ని కోసి నేర్చుకోవడం, అలా కాదు, ఒక్కో టేబుల్ దగ్గర ఎంతమంది నిలబడతారో తప్పకుండా కనుక్కోండి). క్లినికల్ పోస్టింగ్స్, అంటే వార్డుల్లో రోగుల దగ్గర నేర్చుకోవడం, మొదలయ్యాక అర్థమైంది. వార్డు మొత్తానికి మైట్రల్ స్టెనోసిస్ (గుండెలో ఒక కవాటం ఇరుకైపోవడం) ఉన్న పేషెంటు ఒక్కావిడే, మంచం చుట్టూ మేం పద్దెనిమిది మందిమి. ఎడమ పక్కకి ఒత్తిగిలి, ఊపిరి వదిలి బిగబట్టమని అందరూ అడిగి అడిగి నా వంతు వచ్చేసరికి ఆవిడ అలసిపోయింది. స్టెతస్కోప్ బెల్ (గిన్నెలా ఉండే వైపు) పెట్టి పది సెకన్లు విన్నానో లేదో "ఇంక చాలమ్మా" అంది. నాకు మర్మర్, అంటే ఆ జబ్బులో గుండె దగ్గర వినిపించే అదనపు శబ్దం, వినిపించలేదు. కేస్ షీట్‌లో మాత్రం వినిపించిందని రాశాను, ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తర్వాత నెల రోజులు వేరే ఆస్పత్రికి పోస్టింగ్ మీద వెళ్లాను. దాని పేరు పెద్దగా ఎవరూ వినుండరు, ఓపీ మాత్రం కిటకిటలాడేది. మూడో రోజు అక్కడి పీజీ డాక్టర్ నా చెయ్యి పట్టుకుని బెల్ సరైన చోట పెట్టించి, గట్టిగా నొక్కకు, ఎక్కడో దూరంగా ఉరిమినట్టు ఉంటుంది విను అన్నారు. విన్నాను. ఇప్పటికీ మర్చిపోలేదు.

ఇది ఇవాళ్టి సమస్య కూడా కాదు. 1910లో అమెరికన్ విద్యావేత్త అబ్రహాం ఫ్లెక్స్‌నర్ అమెరికా, కెనడాల్లోని 155 మెడికల్ కాలేజీల మీద ఇచ్చిన రిపోర్టులో, చాలాచోట్ల ల్యాబులూ సరిగా లేవు, విద్యార్థులు నేర్చుకోవడానికి తగిన ఆస్పత్రీ లేదు అనే రాశాడు.

బ్రోచర్‌లో 'ప్రాబ్లమ్ బేస్డ్ లెర్నింగ్' (ఒక కేసు తీసుకుని చర్చించుకుంటూ నేర్చుకోవడం) అని ఉంటే గ్రూపులో ఎంతమందో అడగండి. 1969లో కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీలో ఈ పద్ధతి మొదలైనప్పుడు దాని ప్రాణమంతా చిన్న గ్రూపుల్లోనే ఉంది, నలభై మందిని కూర్చోబెడితే అది మామూలు లెక్చరే. గుర్తింపు సంగతి కూడా చూసుకోండి: వరల్డ్ డైరెక్టరీ ఆఫ్ మెడికల్ స్కూల్స్‌లో పేరు ఉన్నంత మాత్రాన గుర్తింపు ఉన్నట్టు కాదు, మీరు ప్రాక్టీసు చేయాలనుకునే దేశంలో ఆ డిగ్రీ చెల్లుతుందో లేదో విడిగా కనుక్కోవాలి. హాస్టల్ ఎలా ఉన్నా అలవాటైపోతుంది.

రెండు చోట్లకీ ఓపీ నడిచే టైంలో వెళ్లండి. ఫైనల్ ఇయర్ వాళ్లనో ఇంటర్న్స్‌నో పట్టుకుని, పోయిన వారం నువ్వు నీ చేత్తో ఎంతమంది పేషెంట్లని పరీక్షించావు, పక్కన నిలబడి తప్పు దిద్దినవాళ్లు ఎవరు అని అడగండి. మొదటి ఏడాది వాళ్లని అడిగి లాభం లేదు, వాళ్లింకా వార్డులో అడుగే పెట్టి ఉండకపోవచ్చు.