ఆమె ప్రసంగంలో కర్త ఎవరు?

చిరంజీవికి ఆశీస్సులు.

రేపో మాపో ముఖ్యమంత్రి పదవికి పోటీపడగల నాయకురాలికి ప్రసంగాలు రాసే పని నీకు దొరికిందని విని సంతోషించాను. నువ్వు పంపిన పాఠం శ్రద్ధగా చదివాను. భాష గురించి నేను చెప్పవలసింది పెద్దగా లేదు. వాక్యం ఎక్కడా తడబడలేదు. అయితే మొదటి పేజీ నిండా ఆమె ఎవరి కూతురో, ఎవరి కోడలో, ఎన్ని అవమానాలు దిగమింగుకుని ఇంతదూరం వచ్చిందో ఉందే తప్ప, ఆమెకు ఏ పదవి కావాలో, ఆ పదవి ఇస్తే ఏం చేస్తుందో వినేవారికి రెండో పేజీ దాకా తెలియదు. ఈ లేఖంతా ఆ మొదటి పేజీ గురించే.

ప్రచార వాక్యంలో అభ్యర్థినే కర్తగా నిలబెట్టడం మగ నాయకుల విషయంలోనూ మంచిది కాదు. కానీ మహిళా అభ్యర్థి విషయంలో దాని నష్టం రెట్టింపు. ఆమె కట్టు, గొంతు, పెళ్లి, పిల్లల గురించి ఊరంతా ముందే మాట్లాడుకుంటూ ఉంటుంది. మనం రాసింది కూడా ఆమె గురించే అయితే ఆ ముచ్చటను మనమే పొడిగించినట్లవుతుంది. ఓటరు గురించిన వాక్యం రాస్తేనే ఆ ముచ్చట తెగుతుంది.

దీనికి 1971 లోక్‌సభ ఎన్నికలను మించిన పాఠం నాకు కనిపించదు. అంతకు కొన్నేళ్ల ముందు రామ్‌మనోహర్ లోహియా ఇందిరా గాంధీని మూగబొమ్మ అని ఎద్దేవా చేశారు. 1969లో కాంగ్రెస్ చీలిన తరువాత ఆమెను వ్యతిరేకించిన సంస్థా కాంగ్రెస్ వర్గం, జనసంఘ్, స్వతంత్ర, సంయుక్త సోషలిస్టు పార్టీలు ఒక్క తాటిపైకి వచ్చి ‘ఇందిరా హటావో’ అన్నాయి. ఆమె దానికి బదులుగా తన త్యాగాల గురించి గానీ, తన తండ్రి గురించి గానీ, ఆడదాన్ని చేసి ఇందరు మీదపడుతున్నారని గానీ చెప్పి ఉండవచ్చు. వినడానికి జనం సిద్ధంగానే ఉన్నారు కూడా. అలా చేయకుండా, వాళ్లు ఇందిరను తొలగించమంటున్నారు, నేను పేదరికాన్ని తొలగించమంటున్నాను అన్నారు. తన పేరు ఉన్న చోట ఓటరు కష్టాన్ని పెట్టారు, అంతే. ప్రత్యర్థులు ఆమె మీద విసిరిన నినాదం ఆమె నినాదానికి మొదటి సగమైపోయింది, వాళ్లు దాన్ని పలికిన ప్రతిసారీ రెండో సగం కూడా జనానికి గుర్తొచ్చింది. కాంగ్రెస్‌కు 352 స్థానాలు వచ్చాయి.

ఇక్కడ ఒక సంగతి నిన్ను ఆలోచింపజేయాలి. ఈ ఎన్నికల్లో ప్రధాన విషయం ఏమిటని న్యూస్‌వీక్ విలేకరి అడిగితే, విషయం నేనే అని ఆమె తడుముకోకుండా చెప్పారు. అది నిజం కూడా. అయినా ఆ మాటను విదేశీ పత్రికకు చెప్పారు గానీ, తన నియోజకవర్గం రాయ్‌బరేలీలో గోడ మీద రాయించలేదు. అభ్యర్థికి మనసులో ఉండవలసిన ధీమా వేరు, వేదిక మీద పలకవలసిన వాక్యం వేరు.

పైగా ఆ నినాదం వట్టి మాటల చమత్కారం కాదు. 1969 జూలైలో 14 బ్యాంకుల జాతీయీకరణ, ఆపైన మాజీ సంస్థానాధీశులకిచ్చే రాజభరణాల రద్దు కోసం పార్లమెంటులోనూ సుప్రీంకోర్టులోనూ తగిలిన ఎదురుదెబ్బలు దాని వెనుక ఉన్నాయి. ఆమె ఏదో చేయబోతే పెద్దవాళ్లు అడ్డుకున్నారన్న అభిప్రాయం జనంలో ముందే ఏర్పడి ఉంది. నినాదం దానికి పేరు పెట్టింది. నువ్వు ప్రాస వెతికే ముందు ఆమె చేసిన పనుల జాబితా వెతకాలి. ఇంత గాలిలోనూ తెలంగాణలో 14 స్థానాలకు 10 తెలంగాణ ప్రజాసమితి గెలుచుకుందన్న సంగతి కూడా మరచిపోవద్దు. 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలో బిడ్డలను పోగొట్టుకున్న ప్రాంతం అడుగుతున్న ప్రశ్న వేరు. దానికి ఢిల్లీలో తయారైన నినాదం, ఎంత గొప్పదైనా, జవాబు కాలేకపోయింది.

తరువాతి కథ నీకు తెలిసిందే. కాంగ్రెస్ అధ్యక్షుడు దేవకాంత బారువా ఇందిరే ఇండియా, ఇండియాయే ఇందిర అన్నారు. వాక్యం నిండా ఆమే. 1977లో రాయ్‌బరేలీలో ఆమె కూడా ఓడిపోయారు. ఆ నినాదం వల్లే ఓడారని నేననను. అత్యవసర పరిస్థితి, బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు ఓడించాయి. కానీ పాలన ఎటు పోతోందో ఆ వాక్యం ముందే చెప్పింది. మళ్లీ 1980లో ఆమె ఏం మాట్లాడారో చూడు: ఉల్లిగడ్డల ధర, పనిచేసే ప్రభుత్వం. వంటింటి ధరల గురించి ఆడవాళ్లు మాట్లాడటం మామూలే గదా అని తీసిపారేసే విషయాన్ని ప్రధానమంత్రి పదవికి యోగ్యతగా మార్చారు. ఆ ఎన్నికల్లోనే మన మెదక్‌లో జైపాల్ రెడ్డి మీద గెలిచి, రాయ్‌బరేలీని వదులుకుని మెదక్‌నే ఉంచుకున్నారు.

అమెరికాలో 2016లో దీనికి సరిగ్గా తిరగబడిన ఉదాహరణ దొరుకుతుంది. హిల్లరీ క్లింటన్ మద్దతుదారుల నినాదం ‘ఐయామ్ విత్ హర్’, అంటే నేను ఆమె వెంట. ఆ జూలైలో క్లీవ్‌లాండ్‌లో జరిగిన రిపబ్లికన్ పార్టీ సభలో డొనాల్డ్ ట్రంప్ ఆ మూడు మాటలనే తీసుకుని, నా ప్రతిజ్ఞ వేరు, నేను మీ వెంట ఉన్నాను అని జనంవైపు తిప్పారు. 1971లో ఇందిర చేసిన పనే ఇక్కడ క్లింటన్ ప్రత్యర్థి చేశారు. క్లింటన్‌కు దేశం మొత్తం మీద ఎక్కువ ఓట్లు వచ్చాయి కాబట్టి నినాదమే ముంచిందనలేము. కానీ ఎదుటివాడు అంత సులువుగా తిప్పగలిగిన వాక్యాన్ని నువ్వు రాయకూడదు. ఏ నినాదమైనా రాశాక, ప్రత్యర్థి కుర్చీలో కూర్చుని దాన్ని ఒకసారి తిప్పి చూడు.

మరి అమ్మ, అక్క, ఆడపడుచు అనే పిలుపులను పూర్తిగా మానేయాలా అని నువ్వు అడుగుతావు. అక్కరలేదు. మనవాళ్లు ఇందిరను ఇందిరమ్మ అన్నారు, తమిళులు జయలలితను అమ్మ అన్నారు. ఆ పిలుపు జనం నోట రావాలి గానీ, మనం రాసిన కాగితంలోంచి రాకూడదు. జయలలిత స్వయంగా ఏం పలికారో గమనిస్తే నాకు ఎప్పుడూ ముచ్చటేస్తుంది. 2014లో గుజరాత్ మోదీయా, తమిళనాడు లేడీయా, ఎవరి పాలన మేలు అని అడిగి, రెండు రాష్ట్రాల లెక్కలు చదివి వినిపించారు. సభ చివర, ‘సెయ్‌వీర్గళా? నీంగళ్ సెయ్‌వీర్గళా?’ అని, చేస్తారా, మీరు చేస్తారా అని నిలదీసేవారు. అక్కడ కర్త ఓటరు. జవాబు చెప్పవలసిన బాధ్యత కూడా ఓటరుదే. రాష్ట్రంలోని 39 స్థానాల్లో 37 ఆమె పార్టీకే వచ్చాయి.

2021లో మమతా బెనర్జీ పార్టీ, బెంగాల్ తన సొంత కూతురినే కోరుకుంటోంది అనే నినాదం ఎత్తుకుంది. బంధుత్వం ఉంది, నిజమే. కానీ ఆ వాక్యంలో కోరుకునేది బెంగాల్, కూతురు కాదు. కుటుంబంలోని స్త్రీ పేరిట ఇచ్చిన స్వాస్థ్య సాథీ ఆరోగ్య కార్డు అప్పటికే ఇళ్లలో ఉంది గనుక ఆ కూతురనే మాటకు చేతికి తగిలే ఆధారం కూడా ఉంది. నందిగ్రామ్‌లో ఆమె స్వయంగా ఓడినా పార్టీ 213 స్థానాలు గెలిచింది.

మన రాష్ట్రాల సంగతికి వస్తే, తెలుగునాట ఇంతవరకు మహిళా ముఖ్యమంత్రి లేరు. కారణాలు చాలా ఉన్నాయి, వాటిలో ప్రసంగ రచయితల వంతు చిన్నదే. అయినా ఆ చిన్న వంతు మనదే కదా. 2012లో ఇడుపులపాయలో బయలుదేరి ఇచ్ఛాపురం దాకా 3,000 కిలోమీటర్లకు పైగా నడిచిన షర్మిల, తాను జగనన్న వదిలిన బాణాన్ని అని చెప్పుకున్నారు. అన్న జైలులో ఉన్న ఆ సందర్భానికి అది పదునైన వాక్యమే, జనానికి పట్టింది కూడా. కానీ అందులో గురిచూసేవారు వేరొకరు. 2021లో తెలంగాణలో సొంత పార్టీ పెట్టినప్పుడు ఆమె రాజన్న రాజ్యం తెస్తానన్నారు. అక్కడా రాజ్యం తండ్రిదే. నడిచిన కాళ్లు ఆమెవి, వాక్యం మాత్రం ఇంట్లోని మగవాళ్లది. ఇది ఆమె ఒక్కరి విషయం కాదు. భర్త ఫొటో లేకుండా సర్పంచ్ అభ్యర్థి పోస్టరు మన పల్లెల్లో ఎంత అరుదో నీకూ తెలుసు.

అవమానాల గురించి నువ్వు రాసిన పేరాను పూర్తిగా తీసెయ్యమంటాను. ఆమెను ఎవరైనా నీచంగా అంటే ఊరుకోమని కాదు. 2019లో రాంపూర్‌లో మన రాజమండ్రి ఆడపడుచు జయప్రద మీద ప్రత్యర్థి చేసిన వ్యాఖ్యలకు ఎన్నికల సంఘం ఆయనను 72 గంటలు ప్రచారానికి దూరం పెట్టింది. అటువంటి వాటికి దారి అది: వీడియో, తేదీ, స్థలం, ఫిర్యాదు. వేదిక మీద ఒక్కసారి, ఒక్క వాక్యంలో, ఆమె సొంత మాటల్లో జవాబు చెప్పి వెంటనే అసలు విషయానికి రావాలి. ఆ తిట్టును మన నోటితో మళ్లీ పలకకూడదు. వినని నలుగురికి కూడా మనమే వినిపించినట్లవుతుంది.

ఇక నువ్వు చేయవలసిన పని. మొదటి వాక్యంలోనే ఆమె ఏ పదవి అడుగుతోందో మొహమాటం లేకుండా చెప్పించు. మన ఆడవాళ్ల చేత ‘నాకు అవకాశం ఇప్పించండి’ అనిపించడం రచయితలకు అలవాటు. ‘నేను ముఖ్యమంత్రినైతే’ అని మొదలుపెట్టడానికి నీ చెయ్యి వెనకాడితే, వెనకాడుతున్నది నీ చెయ్యా, ఆమె మనసా అన్నది అడిగి తెలుసుకో. రెండో వాక్యం వినేవారి గురించి ఉండాలి: ధాన్యం అమ్మిన డబ్బు ఎన్నాళ్లకు ఖాతాలో పడుతోంది, పొదుపు సంఘం అప్పుకు వడ్డీ ఎంత కడుతున్నారు. ఈ లెక్కలు ఆ మండలంలోనే తెచ్చుకోవాలి, పక్క జిల్లా లెక్క పనికిరాదు. నువ్వు రెండో పేజీలో దాచిన తాగునీటి పథకం సంగతి మూడో వాక్యానికి తీసుకురా. అది ఆమె జిల్లా పరిషత్తులో ఉన్నప్పుడు చేసిన పని, నీ కాగితంలో ఉన్నవాటన్నింటిలో బలమైనది అదే. తండ్రి పేరు చెప్పక తప్పదనుకుంటే చివర్లో, ఒక్కసారి.

ఒక చిన్న విషయం. నీ వాక్యాలు అచ్చులో చదవడానికి అందంగా ఉన్నాయి గానీ, ఎండలో, మైకు ముందు, ఊపిరి సరిపోని పొడవున్నాయి. గొంతు పెంచితే కీచుమంటోందని, తగ్గిస్తే వినబడటం లేదని ఆడవాళ్లనే అంటారు కాబట్టి, అరవకుండానే అర్థమయ్యే పొట్టి వాక్యం ఆమెకు మరీ అవసరం. మళ్లీ రాసిన తరువాత ఆమె చేత పైకి చదివించి, నీ మాటను పక్కనపెట్టి ఆమె తన మాట ఎక్కడెక్కడ వాడిందో పెన్సిలుతో గుర్తుపెట్టు. శుభ్రంగా టైపు చేసిన ప్రతి నాకు వద్దు. ఆ గుర్తులున్న కాగితమే పంపు.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి