పోడియం మైకు మూయకు తల్లీ

చిట్టితల్లీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. వచ్చే నెల శిల్పకళా వేదికలో జరిగే సంగీత అవార్డుల ఫంక్షన్‌కి మాట్లాడే మైకులు, వైర్‌లెస్ మైకులు అన్నీ నీ చేతికే అప్పగించారట కదా. ఆ మాట విన్నాక నిద్ర పట్టలేదు. వినాయక చవితి పందిళ్లకి ఆహుజా యాంప్లిఫయర్, రెండు గొట్టం మైకులు ట్రాలీ ఆటోలో వేసుకుని నేను బయల్దేరితే, ఆరేళ్ల పిల్లవి, వైరు చుట్ట భుజాన వేసుకుని ఎక్కి కూర్చునేదానివి. ఒక్క మెలిక లేకుండా చుట్టేదానివి. నా దగ్గర పనిచేసిన కుర్రాళ్లెవరికీ అలా చుట్టడం రాలేదు.

సంతోషంగా ఉంది. భయంగానూ ఉంది. ఫోన్లో చెబితే "సరే మామయ్యా, తెలుసు మామయ్యా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

తెలిసినవి గబగబా చెప్పేస్తాను. మైకుల్లో కొత్త సెల్లులే వెయ్యి, కోఠీ గుజరాతీ గల్లీలో తెలిసిన షాపులోనే కొను. ఇంటర్వెల్‌లో మళ్లీ మార్చు. డిస్‌ప్లే మీద మూడు గీతలు కనపడుతున్నాయి కదా అని వదిలెయ్యకు. చేతి మైకుల స్విచ్ మీద టేపు వెయ్యి, లేకపోతే పట్టుకున్నవాళ్లు తెలియక ఆఫ్ చేస్తారు. ప్రతి మైకుకీ ఒక నంబరు, ఒక రంగు ఉండాలి. వేళకి ఇంత తిను. ఖాళీ కడుపుతో మైకుల శబ్దం సర్దే బోర్డు దగ్గర కూర్చుంటే చేతులు వణుకుతాయి.

ఫ్రీక్వెన్సీల సంగతి మాత్రం కొంచెం ఆగి చదువు. పొద్దున ఖాళీ హాల్లో ఏ ఫ్రీక్వెన్సీ ఖాళీగా ఉందో ఒకసారి స్కాన్ చేసి, అయిపోయిందనుకోకు. స్టేజీ వెనక ఎల్‌ఈడీ తెర వెలిగాక మళ్లీ చెయ్యి. ఆ తెర నుంచి వచ్చే రొద వైర్‌లెస్ మైకుల మీద పడుతుంది. సాయంత్రం టీవీ చానెళ్ల వాళ్లు వచ్చి వాళ్ల మైకులు ఆన్ చేశాక మూడోసారి చెయ్యి. రిహార్సల్లో ఖంగున మోగిన గొంతు హాలు నిండాక మెత్తబడుతుంది. మనుషులు, వాళ్లు కట్టుకున్న బట్టలు శబ్దాన్ని పీల్చేసుకుంటాయి. గొంతు తగ్గిందని కంగారుపడి ఒక్కసారిగా పెంచావంటే కుయ్యిమంటుంది. కొద్దికొద్దిగా పెంచు.

ఇక అసలు సంగతి. ఇది మీ అమ్మకి కూడా ఎప్పుడూ చెప్పలేదు.

పాతికేళ్లు దాటింది. ఇలాంటిదే ఒక సంగీత పురస్కారాల సభ, మన ఊళ్లోనే. ఎవరు చేశారు, ఏ హాలు అన్నది వద్దులే. ఇరవై నాలుగు చానెళ్ల బోర్డు ముందు కూర్చోవడం నాకు అదే మొదటిసారి. మొదలైన పది నిమిషాలకే యాంకరమ్మ మైకు పట్టుకుని స్పీకర్ ముందుకి వచ్చేసింది. మైకు కూసింది. నిర్వాహకుల్లో ఒకాయన వెనక నుంచి వచ్చి నన్ను అందరి ముందూ తిట్టాడు. దాంతో బిగుసుకుపోయాను. అక్కర్లేని మైకు ఒక్కటి కూడా తెరిచి ఉండకూడదనుకుని, వాళ్లిచ్చిన కాగితం చూసుకుంటూ ఒక్కొక్కటే తెరుస్తూ, మూస్తూ కూర్చున్నాను.

కాగితంలో తొమ్మిదో అంశం ఒక వయొలిన్ విద్వాంసుడికి సన్మానం. మద్రాసులో సినిమా పాటల రికార్డింగులకి ముప్పై ఏళ్లు వాయించి, పరిశ్రమ ఇక్కడికి వచ్చేశాక తనూ వచ్చేసిన పెద్దాయన. "శాలువా, మెమెంటో, ఫోటో, రెండు నిమిషాలు" అని రాసి ఉంది. మాట్లాడతారని లేదు. నేను పోడియం (నిలబడి మాట్లాడే బల్ల) మైకు మూసేసి, తల దించుకుని, తర్వాతి డాన్సుకి సీడీ వెతుక్కుంటున్నాను.

ఆయన శాలువా కప్పించుకుని, ఫోటో దిగి, నేరుగా పోడియం దగ్గరికి నడిచారట. జేబులోంచి కాగితం తీసి, కళ్లజోడు పెట్టుకుని చదవడం మొదలుపెట్టారట. నేను చూడలేదు. హాలు నిశ్శబ్దంగా ఉంటే ఇంకా ఫోటోలు తీస్తున్నారనుకున్నాను. పక్కనున్న లైట్ల కుర్రాడు మోచేత్తో పొడిస్తే తలెత్తాను. పెదవులు కదులుతున్నాయి, గొంతు లేదు. గాభరాలో నేను ఎత్తింది పోడియం ఫేడర్ (ఆ మైకు శబ్దం పెంచే మీట) కాదు, దాని పక్కనున్న యాంకర్ ఫేడర్. సరిగ్గా అప్పుడే ఆ అమ్మాయి "థాంక్యూ సార్, థాంక్యూ సో మచ్" అంది. అది హాలంతా ఖంగుమంది. జనం చప్పట్లు కొట్టారు. ఆయన చదువుతున్నవారు ఆగి, కాగితం మడిచి, దండం పెట్టి దిగిపోయారు. టీవీ వాళ్లకి శబ్దం వెళ్లే లైను కూడా నా బోర్డు నుంచే. వాళ్ల టేపులోనూ ఆ గొంతు లేదు.

మూడో రోజు పొద్దున్నే నల్లకుంటలో వాళ్లిల్లు వెతుక్కుంటూ వెళ్లాను, కాళ్లు పట్టుకుందామని. ఆయన భార్య తలుపు తీసింది. నేనెవరో చెప్పగానే లోపలికి పిలిచి ఉప్మా పెట్టింది. "మైకు చూసుకున్నది నువ్వేనా బాబూ? పదకొండు మంది పేర్లూ చదివారటగా. అందరూ ఈయనతో కలిసి వాయించినవాళ్లే, ఒక్కరూ లేరిప్పుడు. ఏ రికార్డు అట్ట మీదా వాళ్ల పేరు పడలేదు. చప్పట్లు ఆగలేదటగా?" అంది. ఆయన కుర్చీలోంచి నా వైపు చూశారు. కోపంగా కాదు. చెప్పకు అన్నట్టు చూశారు. నేను "అవునమ్మా" అన్నాను. ఉప్మా తిని వచ్చేశాను. ఆ పదకొండు మంది ఎవరని అడగడానికి నోరు రాలేదు. రెండేళ్లకి ఆయన పోయారు.

'పాడుతా తీయగా'లో బాలుగారు వాయించేవాళ్లని పేరు పెట్టి పిలిచి మెచ్చుకుంటుంటే, మీ అత్తయ్య టీవీ ముందు మురిసిపోయేది. నేను లేచి వరండాలోకి వెళ్లిపోయేవాణ్ణి. 2023లో ఆస్కార్ వేదిక మీద మన రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ పాడుతుంటే ఇంట్లో అందరూ గంతులేశారు. నేను మాత్రం వాళ్ల మైకులు చూసుకుంటున్నది ఎవరో, పాట అయ్యేదాకా వాళ్ల గుండె ఎలా కొట్టుకుంటోందో అనుకుంటూ కూర్చున్నాను.

పొరపాట్లు ఎంత పెద్దవాళ్లకైనా జరుగుతాయి. అమెరికాలో 2016 గ్రామీ అవార్డుల్లో అడెల్ పాడుతుంటే పియానోలో పెట్టిన మైకులు తీగల మీద పడ్డాయి. ఆ వింత శబ్దం ప్రపంచమంతా విన్నది. మరుసటి ఏడాది అదే వేడుకలో మెటాలికా గాయకుడు హెట్‌ఫీల్డ్ మైకు పలకలేదు. ఆయన వెళ్లి లేడీ గాగా మైకులోనే పాడారు. అదే రాత్రి అడెల్ జార్జ్ మైకేల్ స్మృతిలో పాడుతున్న పాటని మధ్యలో ఆపి, క్షమించమని చెప్పి, మళ్లీ మొదటినుంచి పాడింది. వాళ్లకి పక్కవాళ్ల మైకు దొరుకుతుంది. ఆపి మళ్లీ మొదలుపెట్టే చనువూ ఉంటుంది. బతుకులో ఒక్కసారి స్టేజీ ఎక్కిన ముసలాయనకి అవేవీ ఉండవు తల్లీ. ఆయనకి ఉన్నది బోర్డు దగ్గర కూర్చున్న మనిషి ఒక్కరే.

అందుకని పోడియం మైకు ఎప్పుడూ పూర్తిగా మూయకు. కాగితంలో ఏం రాసి ఉన్నా సరే, మనిషి స్టేజీ మీద ఉన్నంతసేపూ తగ్గించి ఉంచు, మూయొద్దు. పోడియం మీద రెండు మైకులు పెట్టించు. ఆ రెంటి లైను నీ బోర్డుకి రాకముందే చీల్చి ఓబీ వ్యాన్‌కి (టీవీ వాళ్ల రికార్డింగు బండికి) విడిగా ఇవ్వమని పట్టుబట్టు. అప్పుడు నీ చెయ్యి తప్పినా రికార్డింగులో గొంతు ఉంటుంది. నీ పైవాళ్లు అదనపు పని అని విసుక్కుంటారు. విసుక్కోనీ. ఈ ఒక్క విషయంలో మాత్రం మెతకగా ఉండకు. నువ్వు ఎవరితోనూ గట్టిగా మాట్లాడవు, నాకు అదే భయం.

సాయంత్రం తలుపులు తెరవకముందే సన్మానం అందుకునే పెద్దవాళ్ల దగ్గరికి నువ్వే వెళ్లు. కుర్రాళ్లని పంపకు. "తాతగారూ, ఏమైనా మాట్లాడతారా?" అని అడుగు. చాలామంది "అబ్బే, ఏం లేదమ్మా" అంటారు. జేబు వైపు చూడు. కాగితం ఉంటే మాట్లాడతారన్నమాట. మైకు పొట్ట దగ్గర పట్టుకుంటారు, గడ్డం దగ్గర పట్టుకోవాలని చేత్తో పట్టి చూపించు. ఆ తర్వాత నీ కళ్లు కాగితం మీద కాదు, వాళ్ల కాళ్ల మీద ఉండాలి. కాలు పోడియం వైపు తిరగ్గానే నీ వేలు ఫేడర్ మీదకి వెళ్లాలి.

సామాను సర్దేసరికి మెట్రో ఉండదు. ఎంత రాత్రయినా ఒంటరిగా క్యాబ్ ఎక్కకు. నాకు ఫోన్ చెయ్యి, చిక్కడపల్లి నుంచి నేనే వస్తాను, నిద్రపోను. గేటు దగ్గరే కారులో ఉంటాను. నువ్వు ఎక్కగానే పాటలు ఎలా ఉన్నాయి, ఎవరికి వచ్చింది అని అడగను. ఆ పెద్దవాళ్లు ఏం మాట్లాడారో, ఎవరెవరి పేర్లు చెప్పారో, గుర్తున్నవన్నీ నాకు చెప్పాలి.

మీ పెద్దమామయ్య