‘ఒక సోర్స్ ద్వారా తెలిసింది’

తమ్ముడికి,

నీ గూఢచారి నవల మొదటి మూడు అధ్యాయాలు రెండుసార్లు చదివాను. పరుగు బాగుంది. ఉపగ్రహాలు, డ్రోన్లు, ఫోన్ ట్యాపింగ్ అన్నీ ఉన్నాయి. కబురు మోసుకొచ్చిన మనిషి మాత్రం లేడు. ‘ఒక సోర్స్ ద్వారా తెలిసింది’ అని రాసి దాటేశావు. నా దృష్టిలో నీ నవల ఆ వాక్యం దగ్గరే మొదలవ్వాలి.

కార్గిల్ సంగతి చూడు. 1999 మే మొదట్లో, బటాలిక్ ప్రాంతంలోని గర్‌కోన్ ఊరి పశువుల కాపరి తాషి నామ్‌గ్యాల్ తప్పిపోయిన జడలబర్రెను వెతుక్కుంటూ కొండెక్కారు. బైనాక్యులర్స్ పెట్టి చూస్తే పైన ఎవరో కొత్త మనుషులు, బంకర్లు తవ్వుతున్నారు. దిగొచ్చి సైన్యానికి చెప్పారు. చొరబాటు గురించి మనవాళ్లకు అందిన తొలి కబుర్లలో అదొకటి. ఆయన ఎవరి జీతం మీదా లేరు, మారుపేరూ లేదు. తన కొండ మీద ఎవరు తిరుగుతారో, ఎవరు తిరగరో ఆయనకు తెలుసు. ఆ తెలివిడి ఏ కెమెరాకు వస్తుంది? కొండ దిగుతున్నంతసేపూ ఆయన మనసులో ఏం మెదిలి ఉంటుందో ఊహించు. నా మాట నమ్ముతారా, నన్నే అనుమానిస్తారా అని టెన్షన్ పడి ఉండరా?

కబురు అందితే సరిపోదు, ఎవరో వెళ్లి కళ్లారా చూసి రావాలి. అదే నెలలో కక్సర్ వైపు గస్తీకి వెళ్లిన కెప్టెన్ సౌరభ్ కాలియా, ఐదుగురు జవాన్లు శత్రువుకు చిక్కారు. ప్రాణాలతో తిరిగి రాలేదు.

సరిచూసుకోని మాట ఎంత దూరం పోతుందో ఇరాక్‌లో చూశాం. జర్మనీలో ఆశ్రయం కోరిన ఒక ఇరాకీ, ‘కర్వ్‌బాల్’ అన్నది అతని మారుపేరు, తమ దేశంలో జీవాయుధాలు తయారుచేసే వాహనాలున్నాయన్నాడు. 2003 ఫిబ్రవరిలో అమెరికా ఆ మాటను భద్రతా మండలి ముందు పెట్టింది. మార్చిలో యుద్ధం. అబద్ధం చెప్పానని అతను 2011లో ఒప్పుకున్నాడు.

ఇక మన దగ్గర ‘ఇన్‌ఫార్మర్’ అన్న మాట. నీ వయసువాళ్లకు దాని బరువు తెలియకపోవచ్చు. నక్సల్ ఉద్యమం నడిచిన పల్లెల్లో ఆ ముద్ర పడి ఎందరో చచ్చిపోయారు. దళానికి అన్నం పెట్టావని పోలీసులు కొట్టేవాళ్లు, పోలీసులతో మాట్లాడావని దళం నిలదీసేది. అందుకే ఆ మాటను అలంకారంగా వాడకు. అది పడ్డ ఇంట్లో మిగిలిన వాళ్లు ఇంకా మన మధ్యే ఉన్నారు.

నీ సోర్స్ ఎందుకు నోరు విప్పాడు? డబ్బుకా, పగతోనా, భయపడా, దేశం మీద ప్రేమతోనా? చాలాసార్లు ఇవన్నీ కలిసే ఉంటాయి, విడదీయకు. అతన్ని కలిసే అధికారికీ ఒక భయం పెట్టు: ఈ మనిషి దొరికిపోతే నాదే పాపం అని.

నాలుగో అధ్యాయంలో తుపాకులు వద్దు. కబురు చెప్పి ఆ రాత్రి అతను ఇంటికొస్తాడు. ‘ఇంతసేపు ఎక్కడున్నావ్’ అని భార్య అడుగుతుంది. అతనేం చెప్పాడో రాసి పంపు.

ప్రేమతో,
అన్న