తాడు కట్టే ముందు: బిడ్డకు పెద్దనాన్న ఉత్తరం

సూర్యాపేట

బిడ్డకు పెద్దనాన్న ఆశీస్సులు.

మొన్న ఆదివారం రాత్రి నువ్వు ఫోన్ చేసి, "నకిరేకల్ దాటాక కారు ఆగిపోయింది పెద్దనాన్నా, ఎవరో బొలెరో ఆయన దేవుడిలా వచ్చి తాడు కట్టి లాగాడు, మధ్యలో తాడు తెగితే మళ్లీ ముడేసి లాగాడు, మొత్తానికి చేరాం" అన్నావు. నువ్వు నవ్వుతూ చెప్పావు కానీ, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తాడు తెగినందుకు కాదు. వాన పడుతోందని నువ్వు బొలెరో క్యాబిన్‌లో ఎక్కి, వెనక మన కారు స్టీరింగ్ దగ్గర తమ్ముణ్ణి కూర్చోబెట్టానన్నావు చూడు, అందుకు. వాడి దగ్గర ఉన్నది ఇంకా లర్నర్ లైసెన్సే కదా.

నిన్ను తిట్టడానికి రాయడం లేదు. ముప్పై ఏళ్లకు పైగా హైవే పక్కన షెడ్డు నడిపాను. ఇలా తాడు కట్టుకుని వచ్చిన బండ్లు ఎన్ని చూశానో లెక్కలేదు. ఫోన్‌లో చెబితే సగం వింటావు, సగం మరిచిపోతావు. కాగితం మీద ఉంటే డ్యాష్‌బోర్డు అరలో పడి ఉంటుంది, అవసరానికి దొరుకుతుంది.

ముందు ఒక్క సంగతి బుర్రలో పెట్టుకో. టోచన్ కట్టి, అంటే ఆగిపోయిన బండిని ఇంకో బండికి తాడుతో కట్టి లాగేటప్పుడు అందరూ ముందు బండి డ్రైవర్‌నే చూస్తారు, మెచ్చుకుంటారు. అసలు పని వెనక బండిలో ఉన్నవాడిది. రెండు బండ్లకూ కలిపి తాడు బిగువు చూసుకునేది వాడే, ముందు బండిని గుద్దకుండా ఆపేది వాడే. ముందువాడికి తన బండి ఇంజిన్ పనిచేస్తుంది, బ్రేకు పనిచేస్తుంది. వెనకవాడి చేతిలో ఉన్నది సగం ప్రాణంతో ఉన్న బండి. అందుకే ఇద్దరిలో బాగా చెయ్యి తిరిగినవాళ్లు వెనక కూర్చోవాలి. చట్టం కూడా వెనకవాడి సంగతి వదల్లేదు. 1989 నాటి రోడ్డు నిబంధనల్లోనే ఇలా ఉండేది: లాగబడే బండి డ్రైవర్ సీట్లో ఆ బండి నడిపే లైసెన్సు ఉన్న మనిషి ఉండాలి, లేదంటే ముందు చక్రాలను క్రేనుతో నేల మీద నుంచి పైకి లేపి ఉంచాలి.

సగం ప్రాణంతో ఉన్న బండి అంటే ఏమిటో నీకు మాటల్లో చెబితే అర్థం కాదు. రేపు పొద్దున ఇంటి ముందు చదునుగా ఉన్న చోట కారు నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, ఇంజిన్ ఆపెయ్. తర్వాత బ్రేకు తొక్కు. మొదటిసారి మామూలుగానే దిగుతుంది. రెండోసారి కొంచెం గట్టిపడుతుంది. మూడో నాలుగోసారికి కాలి కింద రాయి పెట్టినట్టు ఉంటుంది. బ్రేకు చెడిపోలేదు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు బ్రేకు దగ్గరున్న డబ్బాలోంచి గాలి లాగేస్తుంది, ఆ వ్యాక్యూమే నీ కాలికి సాయం చేస్తుంది. ఇంజిన్ ఆగాక డబ్బాలో మిగిలిన కాస్త వ్యాక్యూమ్ రెండు మూడు తొక్కుళ్లకు అయిపోతుంది. ఆ తర్వాత అంతా నీ కాలి బలమే. స్టీరింగ్ కూడా అంతే, రెండు చేతులతో లాగితే గానీ తిరగదు. ఆ రాత్రి వానలో, చీకట్లో, అయిదు మీటర్ల దూరంలో బొలెరో వెనక డోరు కనబడుతుంటే, మన పిల్లాడి కాలి కింద ఉన్నది ఆ రాయే.

ఇంకొకటి, కారు లాగుతున్నంతసేపూ తాళం చెవి ఆన్‌లో ఉండాలి. బ్యాటరీ ఎందుకు వృథా అని కొందరు చెవి తీసి జేబులో వేసుకుంటారు. మొదటి మలుపులో స్టీరింగ్ లాక్ పడి, బండి తిన్నగా పోతుంది. బటన్ స్టార్ట్ కారయితే చాలావాటిలో బ్రేకు తొక్కకుండా బటన్ రెండుసార్లు నొక్కితే ఇగ్నిషన్ ఆన్ అవుతుంది. నీ కారులో ఎలాగో మాన్యువల్ పుస్తకం తీసి చూసుకో.

ఇక తాడు సంగతి. ఆయన ఎక్కడ కట్టాడని నేను అడిగితే "బంపర్ కింద ఎక్కడో" అన్నావు. బంపర్ ఒక మూల ఊడి వచ్చిందంటే నాకేం ఆశ్చర్యం లేదు. ఈ రోజుల్లో బయటకు కనబడే బంపర్ ఉత్త ప్లాస్టిక్. నీ డిక్కీలో స్టెప్నీ దగ్గర, జాకీ, వీల్ పానాతో పాటు ఒక ఇనుప రింగు ఉంటుంది, చివర మరలతో. దాని పేరే టో హుక్. ముందు బంపర్‌లో అరచేతిలో సగమంత చిన్న మూత ఉంటుంది. దాన్ని స్క్రూడ్రైవర్‌తో, గీతలు పడకుండా కొనకు గుడ్డ చుట్టి తీస్తే లోపల రంధ్రం కనబడుతుంది. హుక్‌ను అందులో చేత్తో తిప్పి, ఆఖర్న వీల్ పానా రింగులో దూర్చి పూర్తిగా బిగించాలి. రెండు మరలు మిగిలినా లాగినప్పుడు వంగిపోతుంది. కొన్ని కార్లలో దాన్ని ఎడమవైపు తిప్పితే బిగుస్తుంది, తెలియక బలవంతం చేసి మరలు చెడగొట్టినవాళ్లున్నారు. హుక్ దొరకలేదు కదా అని యాక్సిల్‌కో, సస్పెన్షన్ ఆర్ముకో తాడు కట్టనివ్వకు. లారీ మీద కారును బిగించి కట్టడానికి కింద కొక్కేల్లాంటివి ఉంటాయి, అవీ లాగడానికి పనికిరావు.

ముడి వేసిన చోట ఏ తాడైనా బలం పోగొట్టుకుంటుంది. ఒకసారి తెగిన తాడును ముడేసి మళ్లీ లాగారంటే, తెగడానికి ఇంకో చోటు తయారుచేసినట్టే. కొబ్బరి మోకు, బావి చేంతాడు, చీరలు పేనిన తాడు ఇవేవీ వద్దు. రెండు చివర్లా కుట్టిన కన్నాలు, షాకిళ్లు (అడ్డంగా బోల్టు బిగించే ఇనుప కొక్కేలు) ఉన్న నైలాన్ పట్టీ తాడు కొనుక్కో, నీ కారు బరువుకు మించి రాసి ఉన్నది. నైలాన్ కాస్త సాగుతుంది, కుదుపు బండికి తగలనివ్వదు.

స్టీలు వైరు గురించి మాత్రం నేను కొంచెం ఎక్కువ చెప్పాలి. 1998లో ఒక రైతు జీపు పొలం బురదలో దిగబడితే, స్టీలు వైరు కట్టి లాగాం. తాడు వైపు చూస్తూ మా షెడ్డు కుర్రాడు జీపు బానెట్ పక్కన నిలబడ్డాడు. లాగుతుంటే వైరు సన్నగా గుంయ్ మని మోగడం మొదలైంది. ఆ మోత ఏమిటో నాకు అప్పుడు తెలియదు. అరక్షణంలో కొక్కెం విప్పుకుని, వైరు పాములా వెనక్కి వచ్చి జీపు అద్దం ఫ్రేముకు తగిలింది. కుర్రాడి తలకు జానెడు దూరం. ఆ ఇనుప ఫ్రేములో బొటనవేలు పట్టేంత సొట్ట పడింది. రైతు జీపు బాగుచేయించుకున్నా ఆ సొట్ట అలాగే ఉంచుకున్నాడు. ఆ రోజు నుంచి మా షెడ్డులో ఒకే నియమం. తాడు బిగిసి ఉన్నప్పుడు, తాడు పొడవుకు రెట్టింపు దూరంలో ఎవరూ నిలబడకూడదు, ఎవరూ తాడు దాటకూడదు. వీడియో తీసుకుందామని వచ్చేవాళ్లను కూడా గట్టిగా అరిచి పంపించెయ్.

ఆ 1989 నిబంధనల్లోనే ఇంకొన్ని ఉండేవి. రెండు బండ్ల మధ్య ఖాళీ ఎప్పుడూ అయిదు మీటర్లు దాటకూడదు. తాడు మిగతావాళ్లకు స్పష్టంగా కనబడాలి. దాని మధ్యలో ఒక ఎర్ర గుడ్డ కట్టు, లేకపోతే మధ్యలో ఖాళీ ఉంది కదా అని బైకువాడు దూరిపోతాడు. ఇలాంటివి మన ఊళ్లలో జరిగాయి. వెనక బండికి తెల్లటి బోర్డు మీద నల్ల అక్షరాలతో, 75 మిల్లీమీటర్లకు తగ్గకుండా, 'ఆన్ టో' అని ఇంగ్లిషులో రాసి పెట్టాలని ఉండేది. వేగం గంటకు 24 కిలోమీటర్లు మించకూడదని ఉండేది. 2017లో ఆ నిబంధనల స్థానంలో కొత్త డ్రైవింగ్ నిబంధనలు వచ్చాయి. నువ్వు మాత్రం ముల్లు 20 దాటనివ్వకు. ఇంకో మాట, చెడిపోయిన బండిని లాగడానికి ఆ నిబంధన ఒప్పుకున్నది దగ్గరలో ఉన్న గ్యారేజీకో పెట్రోలు బంకుకో తీసుకుపోవడానికి, ఇంటిదాకా ఈడ్చుకుపోవడానికి కాదు. హైదరాబాద్, విజయవాడ మధ్య ఆ రోడ్డు మీద మిగతా బండ్లన్నీ వందకు దగ్గరగా పోతుంటే, నువ్వు ఇరవైలో పాకుతున్నావు. వెనక నుంచి వచ్చే లారీ డ్రైవర్‌కు ఆ తేడా అర్థమయ్యేసరికి నీ డిక్కీ మీద ఉంటాడు. అందుకే తాడు కట్టేది రోడ్డు మధ్య నుంచి పక్కకు రావడానికి, ఆ పక్కనున్న బంకు దాకా పోవడానికి మాత్రమే. రాత్రి, వాన, ఘాట్ రోడ్డు, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా తాడు మాటే ఎత్తవద్దు.

తప్పనిసరై లాగాల్సి వస్తే, బయలుదేరే ముందు ఇద్దరు డ్రైవర్లూ కలిసి మాట్లాడుకోవాలి. ఎటు పోతున్నాం, ఎక్కడ ఆగుతాం, ఏ హారన్‌కు ఏ అర్థం. నేను వాడేది, వెనక నుంచి పొడుగు హారన్ వస్తే వెంటనే మెల్లగా ఆపాలి. ఫోన్‌లో మాట్లాడుకుంటూ లాగడం వద్దు, నడిపేవాడి చేతిలో ఫోన్ ఉండకూడదు. ముందువాడు మొదటి గేరులో, హాఫ్ క్లచ్ మీద, తాడు నేల నుంచి లేచి తిన్నగా బిగిసేదాకా పాకాలి. అప్పుడు లాగాలి. ఒక్కసారిగా కుదిపితే ముందు పోయేది తాడు, తర్వాత హుక్, తర్వాత నీ మెడ. వెనకవాళ్లు గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు దించి, నాలుగు ఇండికేటర్లు వెలిగించి, ముందు బండి బ్రేకు లైటు మీద చూపు పెట్టాలి. ఆ లైటు వెలగగానే కాలు బ్రేకు మీద. తాడు ఎప్పుడూ కొంచెం బిగువుగా ఉండాలి, కింద పడి చక్రం కిందకి పోకూడదు. పల్లంలో ముందు బండి కంటే వెనక బండే ఎక్కువగా బ్రేకు వెయ్యాలి. లాగే బండి కనీసం నీ బండి అంత బరువున్నా ఉండాలి. లాగబడే కారులో పిల్లలు, పెద్దవాళ్లు, సామాను పట్టుకునేవాళ్లు ఎవరూ వద్దు. డ్రైవర్ ఒక్కరే.

అల్లుడు కొన్న కొత్త కారు ఆటోమేటిక్ కదా, దానికి ఇదంతా వర్తించదు. దాన్ని తాడుతో లాగనివ్వనే వద్దు. చాలా ఆటోమేటిక్ గేర్ బాక్సుల్లో నూనె తిరగడానికి పంపు ఇంజిన్‌తోనే నడుస్తుంది. ఇంజిన్ ఆగి చక్రాలు తిరిగితే లోపల పొడిగా రాచుకుంటాయి. ఒకాయన అలా ముప్పై కిలోమీటర్లు లాగించుకుని మా దగ్గరికి తెచ్చాడు. కింద బోల్టు విప్పితే నూనె నల్లగా, మాడిన వాసనతో వచ్చింది. వేలికి రాసుకుని ఎండలో చూస్తే సన్నటి ఇనుప రజను మెరిసింది. వచ్చేటప్పుడు చెడింది పెట్రోలు పంపు మాత్రమే, పోయేటప్పుడు గేర్ బాక్సు కూడా మార్చాల్సి వచ్చింది. ఎలక్ట్రిక్ కార్లు, నాలుగు చక్రాలకూ పవర్ పోయేవి కూడా అంతే. వాటిని నాలుగు చక్రాలూ పైకెక్కే ఫ్లాట్‌బెడ్ మీదే తీసుకుపోవాలి. ఎలక్ట్రిక్ కారులో చక్రం తిరిగితే మోటారు కరెంటు పుట్టిస్తుంది, లోపలి భాగాలు పాడవుతాయి.

మరి ఆ రాత్రి ఏం చేసి ఉండాల్సింది అంటావు. కారు ఊపు ఉండగానే ఎడమ పక్కకు, తారు రోడ్డు దాటి దింపాలి. నాలుగు ఇండికేటర్లు వెయ్యి. అందరూ ఎడమ తలుపుల నుంచే దిగి, ఇనుప రెయిలింగ్ అవతలికి పోయి నిలబడాలి. కారు వెనక నిలబడవద్దు, కారులో కూర్చోవద్దు. వాన పడుతున్నా సరే, తడిస్తే ఆరుతాం. ఎర్ర త్రికోణం బోర్డు డిక్కీలో ఉంటుంది. దాన్ని ఛాతీ ముందు పట్టుకుని, ఎదురుగా వచ్చే బండ్లను చూస్తూ రోడ్డు అంచున నడిచి, హైవే మీద కనీసం వంద అంగల దూరం వెనక పెట్టి రావాలి. తర్వాత 1033కు ఫోన్ చెయ్. అది జాతీయ రహదారుల నంబరు, రాత్రీ పగలూ పనిచేస్తుంది. దగ్గరలో ఉన్న కిలోమీటరు రాయి మీద అంకె చెబితే పెట్రోలింగ్ బండి వస్తుంది, అవసరమైతే క్రేను వస్తుంది. ఎవరికైనా దెబ్బ తగిలితే 112. నీ ఇన్సూరెన్సులో రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉందో లేదో కూడా చూసుకో. ప్రమాదమైన కారును గ్యారేజీకి చేర్చే ఖర్చు కింద మామూలు పాలసీ ఇచ్చేది 1,500 రూపాయలకు మించదు.

రికవరీ వ్యాన్ వచ్చాక తొందరపడకు. కంపెనీవాళ్లు పంపిన నంబరూ, వచ్చిన బండి నంబరూ ఒకటేనా చూడు. ఎక్కడికి, ఎంతకు అనేది ముందే మాట్లాడుకో. కారుకు నాలుగు పక్కలా ఫోటోలు తీసి, పర్సు, కాగితాలు తీసుకున్నాకే ఎక్కించనివ్వు.

వచ్చే శనివారం కోదాడ పోయేటప్పుడు షెడ్డు దగ్గర ఆగు, తమ్ముణ్ణి కూడా తీసుకురా. నైలాన్ తాడు ఒకటి నీ కోసం తెప్పించి పెట్టాను, రెండు షాకిళ్లతో. వెనక ఖాళీ జాగా ఎలాగూ ఉంది. నీ కారు ఇంజిన్ ఆపి, మొదట నువ్వు ఒక్కదానివే, తర్వాత నేర్చుకోవడానికి నిన్ను పక్కన పెట్టుకుని వాడు స్టీరింగ్ దగ్గర కూర్చుంటే, నా జీపుతో నాలుగు చుట్లు మెల్లగా లాగుతాను. ఆ బ్రేకు బరువు ఇద్దరి కాళ్లకూ తెలియాలి.

మీ పెద్దనాన్న